తెర మీది ప్రాజెక్టుకు విలువ కట్టుట

షామీర్‌పేట చెరువును గురించి తొమ్మిదవ తరగతి పిల్లలు నలుగురు ఒక ప్రాజెక్టు చేసినారనుకొందాము. ఇరవై ఏండ్ల క్రిందట అయితే వారు ఒక పెద్ద అట్ట కొని, దానిపై నీలిరంగు పూసి, థర్మోకోలు ముక్కతో కట్ట నిలబెట్టి, ప్రక్కన నాలుగు వాక్యాలు వ్రాసి తరగతి గోడకు తగిలించేవారు. ఇప్పుడు సెల్‌ఫోనుతో నాలుగు నిమిషాల వీడియో తీస్తున్నారు. పది స్లైడులు తయారుచేస్తున్నారు. ఉపగ్రహం తీసిన చిత్రాలు రెండు దించుకొని అందులో అతికిస్తున్నారు. తరగతిలోని తెరమీద అది వెలిగినప్పుడు పిల్లలు చప్పట్లు కొడుతారు; ఉపాధ్యాయుడు ఐదుకు ఐదు వేస్తాడు. ఆ ఐదు మార్కులు చెరువును గురించి తెలుసుకొన్నందుకు వచ్చినవా, తెరను బాగా వెలిగించినందుకు వచ్చినవా అన్నదే ఇక్కడ విచారించవలసిన విషయం.

మేడ్చల్, షామీర్‌పేటలు హైదరాబాదు నగరానికి ఉత్తరపు అంచున ఉన్నవి. ఒకదాని మీదుగా నాగపూరు పోయే 44వ నెంబరు జాతీయ రహదారి, రెండవదాని మీదుగా కరీంనగరం పోయే రాజీవ్ రహదారి సాగిపోతవి. ఆ రెండింటిని అడ్డంగా కలుపుతూ బాహ్యవలయ రహదారి వచ్చినది. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడిన ఈ నేలమీద ఇప్పుడు జీనోమ్ వ్యాలీలోని టీకామందుల కర్మాగారాలు, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, కొత్త ఇండ్ల వరుసలు నిండినవి. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడినది. ఊరు కండ్లముందే మారుతున్న ఇటువంటి చోట ఉన్నత పాఠశాల విద్యార్థికి ప్రాజెక్టు విషయాన్ని వెదుక్కోవలసిన పని లేదు. గడప దాటితే చాలు. వెదుక్కోవలసినది, అతడు చేసిన పనికి సరియైన తూకం.

ప్రాజెక్టు పని మన పాఠశాలలకు అలంకారంగా వచ్చినది కాదు. నిరంతర సమగ్ర మూల్యాంకనం అనే పద్ధతిలో భాగంగా వచ్చినది. 2014–15 విద్యాసంవత్సరం నుంచి పదవ తరగతిలో ప్రతి విషయానికి 80 మార్కులు పరీక్షకు, 20 మార్కులు పాఠశాలలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనానికి కేటాయించినారు. ఆ ఇరవైలో ఐదు ప్రాజెక్టు పనికి. తక్కినవి తరగతిలో పాల్గొనడానికి, వ్రాతపనికి, చిన్న పరీక్షకు. అంతర్గత మార్కులు చేతికి వచ్చినట్లు పడుతున్నవన్న ఫిర్యాదు మొదటినుంచీ ఉన్నదే. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఈ ఇరవై మార్కులను తీసివేయవలెనని ఉత్తరువు వెలువరించి, మరునాడే ఆ సంవత్సరానికి పాత పద్ధతినే ఉంచుతున్నట్లు చెప్పినది. ఉంచడమా తీయడమా అని ప్రభుత్వమే తడబడిన ఆ ఇరవై మార్కులలో, కొలవడం అన్నిటికంటె కష్టమైనవి ఈ ఐదు. వ్రాతపనికి నోటుపుస్తకం సాక్ష్యం. చిన్న పరీక్షకు జవాబుపత్రం సాక్ష్యం. ప్రాజెక్టుకు సాక్ష్యం ఏది? తెరమీద కనిపించినదేనా?

తెలుగు పిల్లలకు తెర కొత్తది కాదు. 1975 ఆగస్టు నుంచి ఒక సంవత్సరంపాటు అమెరికా వారి ఏటీఎస్–6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు విద్యాకార్యక్రమాలు అందించినప్పుడు ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కరోనా కాలంలో 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ పాఠశాలల పిల్లలు దూరదర్శన్ యాదగిరి, టీ–శాట్ వాహినులలో పాఠాలు విన్నారు. ఆ రెండు సందర్భాలలోను పిల్లవాడు తెరకు ఎదురుగా కూర్చున్నవాడే. ఇప్పుడు తెరకు వెనుకవైపున నిలబడి చూపించేవాడయినాడు. చూసేవానికి వేసే ప్రశ్నలు వేరు, చూపేవానికి వేయవలసిన ప్రశ్నలు వేరు. పాఠశాలలలో ఈ తేడా ఇంకా స్థిరపడలేదు.

మొదట స్లైడుల సంగతి చూద్దాము. పవర్‌పాయింట్ అనే ఉపకరణం 1987లో వచ్చినది. ఫోర్‌థాట్ అనే చిన్న సంస్థ దానిని తయారుచేయగా అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొన్నది. వ్యాపార సమావేశాలలో మాటను క్లుప్తంగా చూపడానికి పుట్టిన ఈ సాధనం పాఠశాలకు వచ్చేసరికి ఒక వ్రాతపద్ధతిగా మారినది. ప్రతి స్లైడుకు ఒక శీర్షిక, దానిక్రింద చుక్కలు పెట్టిన ఐదారు ముక్కలు, వాటిక్రింద ఇంకా చిన్న అక్షరాలలో ఉపముక్కలు. పిల్లవాడు 'షామీర్‌పేట చెరువు: సమస్యలు' అని వ్రాసి, క్రింద 'కాలుష్యం', 'ఆక్రమణ', 'వర్షాభావం', 'జనాభా' అని నాలుగు చుక్కలు పెడతాడు. ఈ నాలుగింటికీ ఒకదానితో ఒకదానికి సంబంధమేమి? ఏది కారణం, ఏది ఫలితం? చుక్క ఆ బాధ్యత తీసుకోదు. పూర్తి వాక్యం వ్రాయవలసి వస్తే 'ఎందుచేతనంటే' అన్న మాట వ్రాయక తప్పదు. చుక్క పెట్టినవాడు ఆ మాటను దాటవేయగలడు.

ఇది పాఠశాల పిల్లల పొరపాటు మాత్రమే అనుకొంటే సరిపోదు. 2003 జనవరి 16న కొలంబియా వ్యోమనౌక ఎగిరిన 82 సెకనులకు దాని బయటి ఇంధనపు టాంకీనుంచి ఒక నురుగు ముక్క ఊడి ఎడమ రెక్కను తాకినది. నౌక కక్ష్యలో తిరుగుతుండగా, ఆ దెబ్బ ప్రమాదకరమా కాదా అన్న విషయాన్ని ఇంజనీర్లు స్లైడుల రూపంలో అధికారులకు సమర్పించినారు. అందులో ఒక స్లైడు ఇప్పటికి ప్రసిద్ధం. శీర్షిక చదివితే భయపడవలసినది లేదన్న భావం కలుగుతుంది. అసలు సంగతి మాత్రం అన్నిటికంటె క్రింద, అన్నిటికంటె చిన్న అక్షరాలలో ఉన్నది. పరీక్షలలో వాడిన నురుగు ముక్క పరిమాణం 3 ఘనపు అంగుళాలు. నౌకను తాకినట్లు అంచనా వేసినది 1,920 ఘనపు అంగుళాలు. అనగా 640 రెట్లు. పరీక్ష చేసినది గులకరాతితో, తగిలినది బండరాయి అన్నమాట. ఆ పరీక్షలనుంచి ఏ ధైర్యమూ చెప్పుకోవడానికి వీలులేదు. ఆ సంగతిని శీర్షికలో పెట్టలేదు, చివరి చుక్కలో పెట్టినారు. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో నౌక ముక్కలై కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించినారు. ఆ ఆగస్టులో వెలువడిన విచారణ సంఘం నివేదిక, సాంకేతిక పత్రాలకు బదులు స్లైడులతో పని గడుపుకొనే అలవాటును పేరుపెట్టి విమర్శించినది. యేల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఎడ్వర్డ్ టఫ్టీ ఆ స్లైడును వరుస వరుసకూ విడదీసి చూపినాడు.

స్లైడే ఏడుగురి ప్రాణాలు తీసినదనడం అతిశయోక్తి. అక్కడ నిర్ణయాధికారంలోను, గడువుల తొందరలోను లోపాలుండెను. విచారణ సంఘం వాటికే పెద్దపీట వేసినది. ఐనప్పటికిని ఉపాధ్యాయుడు గ్రహించవలసినది ఒకటున్నది. రాకెట్టు ఇంజనీర్ల సమావేశంలోనే అసలు అంకె అడుగుకు జారిపోయినప్పుడు, పదునాలుగేండ్ల విద్యార్థి స్లైడులో జారిపోకుండునా? కాబట్టి స్లైడును విలువ కట్టేటప్పుడు పైనుంచి క్రిందికి కాక క్రిందినుంచి పైకి చదవడం మంచిది. చివరి చుక్కలో ఉన్న అంకెను, శీర్షికలో ఉన్న మాట మోయగలదా? ఈ ఒక్క ప్రశ్నతో ప్రాజెక్టులు చాలావరకు తేలిపోతవి.

ఇక ఉపగ్రహ చిత్రాలు. ఈ విషయంలో మేడ్చల్ జిల్లా పిల్లలు అదృష్టవంతులు. జాతీయ దూరసంవేదన కేంద్రం ఈ జిల్లాలోని బాలానగర్‌లోనే ఉన్నది. ఇస్రో 2009లో ప్రారంభించిన 'భువన్' అనే వెబ్‌సైటును నడిపేది ఆ కేంద్రమే. దేశంలోని ఏ ఊరినైనా, ఏ చెరువునైనా పైనుంచి అందులో చూడవచ్చును. అమెరికావారి లాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం. 1984 మొదలు ఇప్పటివరకు ఒక ప్రదేశం మారిన తీరును సినిమాలాగా నడిపించి చూపే ఏర్పాటు గూగుల్ ఎర్త్‌లో ఉన్నది. ఐరోపావారి సెంటినెల్–2 చిత్రాలు 2015లో మొదలైనవి. వీటిని వాడుకోవడం తప్పు కాదు సరికదా, వాడకపోవడమే లోపం. అయితే చిక్కంతా వాడే పద్ధతిలో ఉన్నది.

సాధారణంగా జరిగేదేమంటే, రెండు చిత్రాలు ప్రక్కప్రక్కన పెడుతారు. ఒకదానిలో చెరువు నిండుగా నీలంగా ఉంటుంది, రెండవదానిలో ముడుచుకొని బురదరంగులో ఉంటుంది. క్రింద 'అప్పుడు – ఇప్పుడు' అని వ్రాస్తారు. తరగతి 'అయ్యో' అంటుంది. ఆ రెండు చిత్రాలకు తేదీలున్నవా అని అడిగేవారు తక్కువ. మొదటిది అక్టోబరులోను రెండవది మే నెలలోను తీసినదైతే, ఆ జంట చూపుతున్నది ఆక్రమణ కాదు, ఋతువు. దక్కను పీఠభూమిలోని చెరువు జూను మొదలు సెప్టెంబరు దాకా నిండుతూ, ఎండాకాలం చివరకు అడుగంటడం దానికి సహజం. అదీగాక అన్ని అక్టోబరులూ ఒకటి కావు. 2020 అక్టోబరు 13న హైదరాబాదులో కురిసిన కుంభవృష్టి తరువాతి చిత్రాన్ని తెచ్చి, వాన తక్కువైన మరొక సంవత్సరపు చిత్రం ప్రక్కన పెడితే ఏమి కావలెనన్నా నిరూపించవచ్చును. వరుసను త్రిప్పి పెడితే చెరువు పెరుగుతున్నదని కూడ నిరూపించవచ్చును! ఒకే నెల, కనీసం ఐదారు సంవత్సరాలు, ప్రక్కన ఆ సంవత్సరపు వర్షపాతం: ఇంత ఉంటేనే ఆ చిత్రాలు ప్రశ్నకు సమాధానం చెప్పగలవు.

రెండవ చిక్కు కొలతది. ఉపగ్రహ చిత్రం చిన్న చిన్న చతురస్రాల కూర్పు. ఒక్కొక్క చతురస్రాన్ని పిక్సెల్ అంటారు. లాండ్‌శాట్ చిత్రంలో పిక్సెల్ భుజం 30 మీటర్లు. వైశాల్యం 900 చదరపు మీటర్లు. మన తెలంగాణ లెక్కలో ఒక గుంట 121 చదరపు గజాలు, అనగా సుమారు 101 చదరపు మీటర్లు. కాబట్టి లాండ్‌శాట్ పిక్సెల్ దాదాపు తొమ్మిది గుంటలు. సెంటినెల్ చిత్రంలో భుజం 10 మీటర్లు. ఒక పిక్సెల్ సుమారు ఒక గుంట. పిల్లలకు ఇంతకంటె చక్కగా బోధపడే ఉపమానం లేదు. పైనున్న ఉపగ్రహం పటేలు పట్వారీల కొలతతోనే చూస్తున్నదన్నమాట.

ఇప్పుడు ఒక కిలోమీటరు పొడవు, ఒక కిలోమీటరు వెడల్పు గల చెరువు ఉన్నదనుకొందాము. వైశాల్యం 247 ఎకరాలు. గట్టు చుట్టుకొలత 4,000 మీటర్లు. గట్టుమీద పడే లాండ్‌శాట్ పిక్సెళ్ళు సుమారు 133. వీటిలో ప్రతిదానిలో కొంత నీరు, కొంత నేల ఉంటుంది. అది నీరా నేలా అన్నది నిర్ణయించేవారి ఊహనుబట్టి ఉంటుంది. ఆ 133 పిక్సెళ్ళ వైశాల్యం దాదాపు 30 ఎకరాలు. అంచును సగం పిక్సెల్ ఇటో అటో జరిపినా 15 ఎకరాల తేడా వస్తుంది. అటువంటప్పుడు 'చెరువు 8 ఎకరాలు తగ్గిపోయినది' అని లాండ్‌శాట్ చిత్రం చూపి చెప్పడం, ధాన్యం తూచే కాటామీద బంగారం తూచినట్లుంటుంది. సెంటినెల్‌లో అదే లెక్క ఐదెకరాలకు తగ్గుతుంది. ఇక నీటిమీద గుర్రపుడెక్క పరచుకొన్నచోట పైనుంచి పచ్చగా కనిపిస్తుంది. నీరుండగానే నేలగా లెక్కకు వస్తుంది. చెరువు గట్టుకు నడిచి వెళ్ళిన పిల్లవానికి ఇది ఒక్కచూపులో తెలుస్తుంది. ఇంటిలో కూర్చుండి చిత్రం దించుకొన్నవానికి తెలియదు. ఈ లెక్క వేసి 'మా చిత్రంతో ఈ సంగతి తేల్చలేము' అని వ్రాసిన విద్యార్థికి ఐదు మార్కులు వేయవలెను. ఇప్పటి అలవాటులో వానికి రెండు పడుతవి, తేల్చి చెప్పలేదని.

వీడియో సంగతి వేరు. అట్టమీది బొమ్మ చూపలేనిది వీడియో చూపగలదు. అలుగుమీద నీరు దూకడం, తూము ఎత్తినప్పుడు కాలువలో నీరు ప్రాకడం, శిఖం భూమిలో నీరు వెనుకకు తగ్గినకొద్దీ దున్ని విత్తడం – ఇవన్నీ కాలంతో జరిగేవి, నిలిచిన బొమ్మకు లొంగవు. ఊరి పెద్దల మాటను వారి గొంతులోనే వినిపించడం కూడ సామాన్యమైన లాభం కాదు. కాని కత్తెర పిల్లవాని చేతిలో ఉన్నదన్న సంగతి మరువరాదు. మేడ్చల్ ద్రాక్షతోటలు ఎందుకు పోయినవని ఒక బాలిక ఒక ముసలి రైతును అడిగినదనుకొందాము. ఆయన పదునొకండు నిమిషాలు మాట్లాడినాడు. బోరు ఎండినదన్నాడు. తెగుళ్ళన్నాడు. పందిళ్ళకు, మందులకు పెట్టుబడి పెరిగినదన్నాడు. కొసకు, ఎకరం ధర ఆకాశానికంటితే ద్రాక్ష పండించేవాడు పిచ్చివాడు గాక ఏమన్నాడు. బాలిక ప్రాజెక్టు పేరు 'నీటి కొరత'. కాబట్టి బోరు మాట ఉంచి, నలభై సెకనులకు కత్తిరించి, వెనుక వేణునాదం పెట్టినది. తెరమీద రైతు నీటికోసం కంటతడి పెట్టుకొన్నట్లయినది. ఆ బాలిక అబద్ధమాడలేదు. కాని రైతు చెప్పినది అది కాదు.

ఇటువంటి చోట డిజిటల్ ఉపకరణమే మందు కూడ అవుతుంది. కత్తిరించని మూల ధ్వనిని కూడ ప్రాజెక్టుతోబాటు ఇవ్వవలెనని నియమం పెడితే చాలు. పదునొకండు నిమిషాలు వినడానికి ఉపాధ్యాయునికి తీరిక లేకపోవచ్చును. నలభైమంది తరగతిలో అందరివీ వినడం సాధ్యం కాదు. యాదృచ్ఛికంగా ఇద్దరివి విన్నా, వింటారని తెలిసిన పిల్లలు కత్తెరను జాగ్రత్తగా వాడుతారు. వీడియోలో ఫలానా నిమిషం, ఫలానా సెకను దగ్గర వ్యాఖ్య వ్రాసే వసతి నేటి ఉపకరణాలలో ఉన్నది. '2 నిమిషాల 10 సెకనుల దగ్గర చెరువు సగమైనదన్నారు, ఆధారమేది?' అన్న వాక్యం 'బాగున్నది, ఇంకా కృషి చేయవలెను' అన్న పది వాక్యాలకంటె పనికివస్తుంది. సైన్సు ప్రాజెక్టులలో ఈ పట్టుదల కొత్తది కాదు. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్సు కాంగ్రెస్‌లో నివేదికతోబాటు రోజువారీ నమోదు పుస్తకాన్ని కూడ అడుగుతారు. కొట్టివేతలు, సిరా మరకలు ఉన్న ఆ పుస్తకం స్లైడులకంటె ఎక్కువ చెప్పుతుంది.

విలువ కట్టే ఉపకరణాలను కూడ ఇదే కంటితో చూడవలెను. ఒకే జవాబుపత్రానికి వేరువేరు ఉపాధ్యాయులు ఎట్లా మార్కులు వేస్తారని అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టార్చ్, ఎలియట్ అనువారు 1912–13లో పరీక్షించినారు. ఒక రేఖాగణిత పత్రాన్ని వందమందికి పైగా ఉపాధ్యాయులు దిద్దగా, నూటికి 30 లోపు వేసినవారున్నారు, 90 దాటించినవారున్నారు. రేఖాగణితానికే ఇంత తేడా అయితే వీడియోకు చెప్పనేల? 1920లో థారన్‌డైక్ అనే మనస్తత్వవేత్త మరొక సంగతి చూపినాడు. సైన్యాధికారులు తమక్రింది వారికి దేహదార్ఢ్యం, తెలివి, నాయకత్వం, శీలం అని విడివిడిగా మార్కులు వేసినప్పుడు ఆ మార్కులు ఒకదానితో ఒకటి ఉండవలసినదానికంటె ఎక్కువగా కలిసిపోయినవి. ఒక గుణం నచ్చితే తక్కినవన్నీ నచ్చుతవి. నునుపైన వీడియో చూసినప్పుడు ఉపాధ్యాయునికి జరిగేది సరిగా ఇదే. వేణునాదానికి పడిన మార్కు పరిశోధన గడిలోకి కూడ ప్రాకుతుంది.

రూబ్రిక్ అని శిక్షణ తరగతులలో పిలిచే ప్రమాణపట్టిక దీనికి విరుగుడు అంటారు. అది కొంతవరకే నిజం. 'సృజనాత్మకత', 'ఆకర్షణ', 'సమర్పణ' అని గడులుంటే ఒకే గుణానికి మూడు పేర్లు పెట్టి మూడుసార్లు మార్కులు వేసినట్లవుతుంది. 'ప్రశ్న ఏమిటో మొదటి నిమిషంలో చెప్పినాడా?', 'ప్రతి అంకెకు తేదీ, మూలం ఉన్నవా?', 'తన నిర్ణయానికి ఎదురు నిలిచే విషయం ఒక్కటైనా చూపినాడా?' అన్న గడులుంటే ఇద్దరు ఉపాధ్యాయుల మార్కులు దగ్గరపడుతవి. దగ్గరపడినవో లేదో తెలుసుకొనడం సులభం. ఇద్దరూ ఒకరి మార్కు ఒకరు చూడకుండా వేసి, స్ప్రెడ్‌షీటులో ప్రక్కప్రక్కన పెట్టుకొనవలెను. ఐదింటిలో ఒక మార్కు తేడా ఉంటే సహజం. రెండుంటే ఆ ప్రాజెక్టును మళ్ళీ చూడవలెను. స్ప్రెడ్‌షీటు ముగ్గురి మార్కుల సగటును 3.6667 అని చూపినంతమాత్రాన ఆ తీర్పు పదివేలవ వంతు దాకా సూక్ష్మమైనదని భ్రమపడరాదు.

ఎవరు ఏ పంక్తి ఎప్పుడు వ్రాసినారో చూపే 'వెర్షన్ హిస్టరీ' అనే వసతిని ఈ మధ్య చాలామంది మెచ్చుకొంటున్నారు. జట్టులో పని ఎగగొట్టినవాడు దొరికిపోతాడని వారి ఆశ. నలుగురు పిల్లలకు నాలుగు ఫోనులున్నచోట ఆ ఆశ తీరవచ్చును. ఫోను ఒక్కటే ఉన్నచోట? అది ఒక పిల్లవాని తండ్రిది. ఆయన కర్మాగారంలో షిఫ్టు ముగించుకొని ఇంటికి వచ్చినదాకా అది పిల్లల చేతికి రాదు. నలుగురూ ఆ చిన్న తెరమీద వంగి, ఒకడు చెప్పగా ఒకడు టైపు చేసినది అంతా ఆ తండ్రి పేరనే నమోదు అవుతుంది. కాలం రాత్రి తొమ్మిది దాటినట్లు చూపుతుంది. ఉపకరణం అబద్ధం చెప్పలేదు. దానిని అడిగిన ప్రశ్న తప్పు. ఈ నమోదును చూసి ముగ్గురు పిల్లలకు మార్కులు కోసివేస్తే, అది ఫోను లేనందుకు వేసిన శిక్ష అవుతుంది. ఒకే మండలంలో ఎడిటింగు దుకాణానికి డబ్బిచ్చి వీడియో చేయించుకొనే పిల్లలూ, డేటా అయిపోయి వీడియో పంపలేకపోయిన పిల్లలూ ఉన్నప్పుడు, నునుపుకు మార్కు వేయడమంటే తండ్రి జేబుకు మార్కు వేయడమే. ఐదింటిలో సమర్పణకు ఒక మార్కు చాలు. అదికూడ, వెనుక బెంచీవానికి వినిపించినదా, అక్షరాలు కనిపించినవా అన్నంతవరకే.

కృత్రిమ మేధ వచ్చిన తరువాత ఈ నునుపు మరింత చవక అయినది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ బయటికి వచ్చినది. వాక్యాలే కాదు, లేని చెరువుకు బొమ్మ, లేని రైతుకు గొంతు కూడ నేడు క్షణాలలో తయారవుతవి. యంత్రం వ్రాసినదాన్ని యంత్రమే పట్టుకొంటుందని నమ్మడం తొందరపాటు. చాట్‌జీపీటీ చేసిన సంస్థే అటువంటి పరీక్షాసాధనాన్ని విడుదలచేసి, అది సరిగా పట్టుకోలేకపోతున్నదని 2023 జూలైలో తానే ఉపసంహరించుకొన్నది. అంతకంటె నమ్మదగిన సాధనాలు రెండున్నవి. ఒకటి ఫోటో ఫైలు. కెమెరా తీసిన ఫోటోలో తీసిన తేదీ, కాలం, ఫోనులో ఆ ఏర్పాటు తెరచి ఉంటే స్థలం కూడ దాగి ఉంటవి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరాలన్నీ రాలిపోతవి, బొమ్మ కూడ చిన్నదవుతుంది. 'డాక్యుమెంటు'గా పంపితే నిలుస్తవి. మన పాఠశాలలలో ప్రాజెక్టులు చాలావరకు వాట్సాప్ గుంపులలోనే చేతులు మారుతున్నవి గనుక ఈ చిన్న సంగతి ఉపాధ్యాయులందరికీ తెలియవలసినది. ఫైలు వివరాలను కూడ మార్చవచ్చును గనుక అదే తుదిసాక్ష్యం కాదు.

రెండవ సాధనం చాల పాతది. పిల్లవానిని నిలబెట్టి రెండు నిమిషాలు ప్రశ్నించడం. అలుగు ఏ వైపున ఉన్నది? కట్టకు మధ్యలో ఎందుకు పెట్టలేదు? నీవు వెళ్ళిననాడు నీరు తూము మెట్లలో ఎన్నవదానిదాకా ఉన్నది? గట్టుమీద నిలబడినవాడు తడుముకొని అయినా చెప్పుతాడు. తడుముకొనడం ఇక్కడ లోపం కాదు. చదువరులలో ఉపాధ్యాయులకు ఇది తెలియనిది కాదు. తెర వెలిగినప్పుడు మరచిపోయేది.

పిల్లల ముఖాలు, ఊరివారి పేర్లు, ఫోను నెంబర్లు ఉన్న వీడియోలను యూట్యూబులో అందరికీ తెరచి పెట్టడం వేరే దోషం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేండ్ల లోపువారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావలెనంటున్నది. మార్కులకోసం చేసిన ప్రాజెక్టుకు లోకమంతా ప్రేక్షకులు కానక్కరలేదు.

మార్కు వెబ్‌సైటులో నమోదైన తరువాత ప్రాజెక్టు ఏమవుతున్నదన్నది చివరి ప్రశ్న. నాలుగు నిమిషాల వీడియో ఫోనులో నాలుగైదు వందల మెగాబైట్లు ఆక్రమిస్తుంది. జాగా చాలక పిల్లవాడు తుడిచివేస్తాడు. మరుసటి సంవత్సరం మరొక జట్టు అదే చెరువుకు పోయి, అదే పని మొదటినుంచి మొదలుపెడుతుంది. 'అప్పుడు' కోసం మళ్ళీ ఇంటర్నెట్టులో ఎవరో పెట్టిన తేదీలేని ఫోటోను వెదుకుతుంది. పాఠశాల కంప్యూటరులో ఒక సంచయం తెరచి, ఏటా అక్టోబరు రెండవ వారంలో అలుగు దగ్గర ఒకే చోట నిలబడి తీసిన ఒక ఫోటోను, తూము మెట్టు లెక్కను, ఆ ఏటి వర్షపాతాన్ని దాచిపెడితే ఈ అవస్థ తప్పుతుంది. ఫోటో చిన్నదైనా, మసకగా ఉన్నా పనికివస్తుంది. తేదీ, స్థలం, తరగతి ఫైలు పేరులోనే వ్రాసిపెట్టవలెను. పిల్లల పేర్లు వేరే పుస్తకంలో ఉంటే చాలు.